పొగమంచులో ఎన్ని లూమెన్లు కావాలి?

మన క్లబ్ పత్రికలో కథలు, కవితలు, అప్పుడప్పుడూ ఒక పద్యం వస్తుంటాయి. ఈసారి నేను కారు బంపర్‌లో ఉండే రెండు చిన్న దీపాల గురించి రాస్తున్నాను. కంపెనీ ఇచ్చిన ఫాగ్ లైట్లు తీసేసి బయట షాపులో దొరికే ఎల్‌ఈడీలు పెట్టించుకోవడం మన హాస్టల్ పార్కింగ్‌లో కూడా ఒక జబ్బులా వ్యాపించింది కాబట్టి, ఇది మీకు పనికొస్తుందనే అనుకుంటున్నాను. లెక్కలు కొన్ని ఉన్నాయి. ఫస్టియర్ ఫిజిక్స్ గుర్తుంటే చాలు, భయపడక్కర్లేదు.

మాది ఉదయగిరి. పేరుకి సూర్యుడు పొడిచే కొండ. 1514లో కృష్ణదేవరాయలు గెలిచిన దుర్గం అంటే మీకు చప్పున గుర్తొస్తుంది. డిసెంబరు, జనవరి నెలల్లో కొన్ని రోజులు మా ఊళ్లో ఉదయమూ కనపడదు, గిరీ కనపడదు. దానికి కారణం మర్మమేం కాదు. నెల్లూరు జిల్లాకి అసలు వానలు ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ వానలు వెనకబట్టేసరికి నేలంతా తడి, చెరువుల్లో నీళ్లు, ఇటు ఆత్మకూరు దగ్గర సోమశిల జలాశయం నిండుగా. అప్పుడు ఆకాశం తేటగా ఉండి గాలి లేని రాత్రి వస్తే నేల తన వేడిని పైకి వదిలేసి చల్లబడుతుంది, దాన్ని ఆనుకున్న తడిగాలి కూడా చల్లబడి, తెల్లారుజాముకి పల్లపు చోట్లల్లా పొగమంచు పేరుకుంటుంది. మెరకెక్కితే తేటగా ఉంటుంది, వాగు దగ్గరికి దిగితే ఏమీ కనపడదు. మా రోడ్ల మీద ఉన్న అసలు ప్రమాదం ఇదే. మంచు అంతటా సమానంగా ఉంటే డ్రైవరు జాగ్రత్తగానే ఉంటాడు. నాలుగు కిలోమీటర్లు బాగుండి ఐదో కిలోమీటర్లో గోడలా అడ్డం వచ్చేది చంపుతుంది.

మా మామయ్యకి ఒక ట్యాక్సీ ఉంది. ఉదయగిరిలో తెల్లారుజామున నాలుక్కి బయల్దేరి ఆత్మకూరు మీదుగా నెల్లూరు వెళ్తాడు. ఎక్కేది ఎక్కువగా ఆసుపత్రులకి పోయేవాళ్లే. పొద్దున్నే ఓపీ చీటీ రాయించుకోకపోతే ఆ రోజు పోయినట్టే కాబట్టి, మంచు విడిచాక పోదాంలే అనే మాట వాళ్ల దగ్గర చెల్లదు. దారిలో ఎదురయ్యేది పాల క్యాన్లు కట్టుకున్న బైకులు, వెనక ఎర్రలైటు లేని ట్రాక్టర్లు, రోడ్డు మీదే ఆరబోసిన ధాన్యం, దాని చుట్టూ కాపలాకి పెట్టిన రాళ్లు. వేలం రోజులు వస్తే మర్రిపాడు మండలం డి.సి.పల్లి వైపు పొగాకు చెక్కులు ఎత్తుకున్న బండ్లు. ఆత్మకూరు దగ్గర నెల్లూరుపాళెం చేరితే నెల్లూరు నుంచి ముంబై వైపు పోయే పెద్ద రోడ్డు కలుస్తుంది, అక్కడ లారీలు.

ఈ మామయ్యకి నెల్లూరులో ఒక యాక్సెసరీస్ షాపువాడు ఎల్‌ఈడీ బల్బుల జత అంటగట్టాడు. ఉన్న హాలోజన్ బల్బు పీకి, అదే హోల్డర్లో ఇది తిప్పి పెట్టుకోవడమే. డబ్బా మీద 120 వాట్లు, 20,000 లూమెన్లు అని ఉంది. "పెట్టీరా అబ్బయా, ఇంజినీరింగ్ చదవతాండావు గదా" అని డబ్బా నా చేతిలో పెట్టాడు మామయ్య. పెట్టే ముందు కొలుద్దాం మామా అన్నాను. "లైటుకి కొలతేందిరా, ఎక్కువుంటే మంచిదేగా" అన్నాడు. ఈ వ్యాసమంతా ఆ ఒక్క మాటకి జవాబు.

ముందు డబ్బా సంగతి చూద్దాం. పాత హాలోజన్ బల్బు హెచ్11 రకం, 12 వోల్టులు, 55 వాట్లు. ప్రమాణం ప్రకారం అది ఇచ్చే వెలుతురు 1,350 లూమెన్లు. అంటే వాటుకి పాతిక లూమెన్లు కూడా లేదు, మిగతాదంతా వేడి. అదే ఆకారంలో ఉండే తమ్ముళ్లు కూడా ఉన్నాయి: హెచ్8 అయితే 35 వాట్లు, 800 లూమెన్లు. హెచ్16 అయితే 19 వాట్లు, 500 లూమెన్లు. మీ కారులో ఏది ఉందో మాన్యువల్లోనో బల్బు అంచు మీదో చూసుకోండి. వీటి అడుగు భాగాలు దాదాపు ఒకటే, పళ్లలో మాత్రం చిన్న తేడా. అంగడివాళ్లు ఆ పంటిని కత్తిరించి ఒకదాని చోట ఇంకోటి దూర్చేస్తుంటారు, చేయనివ్వకండి.

మల్టీమీటర్ని 10 ఆంపియర్ల సాకెట్‌లో సిరీస్‌గా పెట్టి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి రెంటినీ కొలిచాను. బ్యాటరీ దగ్గర 13.6 వోల్టులు. పాత హాలోజన్ 4.7 ఆంపియర్లు లాగింది, అంటే సుమారు 64 వాట్లు. వోల్టేజీ 12 కన్నా ఎక్కువుంది కాబట్టి ఇది సబబే. 120 వాట్ల ఎల్‌ఈడీ ఎంత లాగిందో తెలుసా? 1.7 ఆంపియర్లు. గుణిస్తే 23 వాట్లు. ఈ రకం ఎల్‌ఈడీ బల్బుకి వాటుకి 90 లూమెన్లు వేసుకున్నా, అది మర్యాదగా వేసిన లెక్కే, రెండువేల చిల్లర దాటదు. 20,000 అన్న అంకెలో ఒక సున్నా అచ్చుతప్పు అనుకుని క్షమించేయొచ్చు. ఇంకోటి కూడా గమనించాను. చీకట్లో ఫోన్ లక్స్ యాప్‌ని ఒకే చోట కదలకుండా పెట్టి చూస్తే, వెలిగించిన మొదటి నిమిషంలో ఉన్న అంకె 20 నిమిషాల తర్వాత నాలుగింట మూడు వంతులకి పడిపోయింది. ఫోన్ యాప్ చెప్పే అసలు అంకెని నమ్మలేం గానీ, అదే యాప్ అదే చోట చూపించే తేడాని నమ్మొచ్చు. హాలోజన్ వేడిని ముందుకి, అద్దం వైపు తోస్తుంది. ఎల్‌ఈడీ వేడి వెనక్కి, చిప్ అతికించిన లోహంలోకి పోతుంది. అది పోవడానికి వెనక చిన్న ఫ్యాను పెడతారు. ఫాగ్ లైటు ఉండేది టైరు ఎగజిమ్మే బురద దగ్గర. ఆ ఫ్యాను ఎన్ని వానలు బతుకుతుందో మీరే అంచనా వేసుకోండి.

సరే, డబ్బా అబద్ధమే అనుకుందాం. నిజంగానే రెట్టింపు వెలుతురిచ్చే లైటు దొరికితే? మామయ్య అడిగింది అదే. ఇక్కడే నాకు లెక్క చేస్తూ చేస్తూ ఒళ్లు జలదరించింది.

కిలోమీటరు కన్నా తక్కువ దూరం కనపడితే వాతావరణ శాఖ దాన్ని పొగమంచు అంటుంది. 50 మీటర్ల లోపలే కనపడితే అతి దట్టమైనది. పగటిపూట కనపడే దూరానికీ, గాలి కాంతిని తినేసే రేటుకీ మధ్య 1924లో కోష్‌మీడర్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఒక సూత్రం ఇచ్చాడు: 3.912ని ఆ దూరంతో భాగిస్తే క్షీణత గుణకం వస్తుంది. 50 మీటర్లకి అది మీటరుకి 0.078. ఇప్పుడు మన దీపం నుంచి బయల్దేరిన కాంతి 30 మీటర్ల దూరంలోని ట్రాక్టరుని తాకి మళ్లీ మన కంటికి రావాలి, అంటే 60 మీటర్ల ప్రయాణం. ఇ ఘాతం మైనస్ 0.078 ఇంటూ 60, కాలిక్యులేటర్ తీసి కొట్టండి. 0.009 వస్తుంది. నూటికి ఒక వంతు కూడా తిరిగి రాలేదు. మిగతా 99 వంతుల్లో చాలా భాగం మంచు బిందువుల్ని తాకి అటూ ఇటూ చెదిరిపోయింది. అందులో కొంత తిన్నగా మన కళ్లలోకే వెనక్కొచ్చింది. మంచులో హై బీమ్ వేస్తే ఎదురుగా కనపడే తెల్లని దుప్పటి అదే.

ఇప్పుడు లూమెన్లు రెట్టింపు చేద్దాం. రెట్టింపు కాంతి పోగొట్టుకోవడానికి ఎంత అదనపు దూరం కావాలి? 2 యొక్క సహజ సంవర్గమానం 0.693. దాన్ని 0.156తో (రానూ పోనూ కాబట్టి గుణకం రెట్టింపు) భాగిస్తే 4.4 మీటర్లు. వెలుతురు రెట్టింపు చేసి మనం సంపాదించింది ఒక కారు పొడవు. అది కూడా ఉదారంగా వేసిన లెక్క. దూరం పెరిగేకొద్దీ కాంతి ఎటూ పలచబడుతుంది, దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. పైగా వెలుతురు రెట్టింపయితే ఆ తెల్లదుప్పటి కూడా రెట్టింపు తెల్లగా అవుతుంది. వస్తువుకీ దుప్పటికీ మధ్య తేడాని బట్టి కదా కన్ను చూసేది! రెండూ కలిసి పెరిగితే తేడా అక్కడే ఉంటుంది. మంచు మీద బలం పనిచెయ్యదు.

మరి ఫాగ్ లైటు ఎలా పనిచేస్తుంది? బలంతో కాదు, ఎటు చూడాలో ఎటు చూడకూడదో తెలిసినందువల్ల. దాన్ని బంపర్ కింద పెడతారు, మన కంటికి వీలైనంత దూరంగా, కిందగా. దాని కాంతిపుంజం వెడల్పుగా, బల్లపరుపుగా ఉంటుంది, పై అంచు కత్తితో కోసినట్టు ఆగిపోతుంది. ఆ అంచుని కటాఫ్ అంటారు. కటాఫ్ పైన కాంతి లేదు కాబట్టి మన కంటికీ రోడ్డుకీ మధ్య ఉన్న మంచులో చాలా భాగం వెలగదు. వెలగని మంచు దుప్పటి కాదు. కింద రోడ్డు అంచు, తెల్లగీత, మార్జిన్లో రాళ్లు వెలుగుతాయి. అంతే దాని పని. మన దేశంలో లైట్ల అమరికకి ఉన్న ప్రమాణం ఏఐఎస్-008. ముందు ఫాగ్ లైటు నేలకి 250 మిల్లీమీటర్ల కన్నా కిందికి ఉండకూడదు, డిమ్ లైటు కన్నా పైకి ఉండకూడదు. జీపుల టాప్ మీద వరసగా బిగించి వాటికే ఫాగ్ లైట్లని పేరుపెట్టే అన్నలు ఈ ఒక్క వాక్యం రెండుసార్లు చదవాలని మనవి.

కటాఫ్ ఎక్కడినుంచి వస్తుంది? బల్బు నుంచి కాదు. రిఫ్లెక్టర్ ఆకారం నుంచి వస్తుంది. ఆ ఆకారాన్ని హాలోజన్ ఫిలమెంట్ కోసం లెక్కగట్టారు: నాలుగైదు మిల్లీమీటర్ల పొడవు, సన్నటి తీగచుట్ట, చుట్టూరా ఒకేలా వెలిగేది, ఫోకస్ దగ్గర కచ్చితంగా కూర్చునేది. ఎల్‌ఈడీ బల్బులో ఒక లోహపు పలక, దానికి అటూ ఇటూ చిప్పులు. పలకకి మందం ఉంది. అంచుల వైపు వెలుగు సరిగా పోదు. పైగా చిప్పుల వరస ఫోకస్‌కి కాస్త అటో ఇటో పడుతుంది. కాస్తే కదా అంటారా? రిఫ్లెక్టర్ ఫోకల్ లెంగ్త్ 20 మిల్లీమీటర్లు అనుకుందాం. వెలిగే చోటు ఒక్క మిల్లీమీటరు జరిగితే కిరణం ఇరవయ్యో వంతు రేడియన్ వంగుతుంది, దాదాపు 3 డిగ్రీలు. 30 మీటర్ల దూరంలో అది మీటరున్నర పైకి లేస్తుంది. లైటు ఎత్తు 45 సెంటీమీటర్లు, కటాఫ్ వాలు వల్ల అక్కడికి 40 సెంటీమీటర్లు దిగి ఉండాలి. మొత్తం కూడితే ఆ కిరణం నేల మీంచి మీటరున్నర పైచిలుకు ఎత్తులో పోతుంది. పాలక్యాన్ల బైకు మీద కూర్చున్నవాడి కళ్లు సరిగ్గా అక్కడే ఉంటాయి.

మన కవులకి మిరుమిట్లు అంటే మెచ్చుకోలు. మెరుపులు మిరుమిట్లు, చూపులు మిరుమిట్లు. రోడ్డు మీద అది తిట్టు. కళ్లు బైర్లు కమ్మాక మళ్లీ చీకటికి అలవాటు పడటానికి కొన్ని క్షణాలు పడుతుంది, వయసు పైబడినవాళ్లకి ఇంకా ఎక్కువ. ఆ క్షణాల్లో ఎదుటివాడు బండి నడుపుతూనే ఉంటాడు, కళ్లు మూసుకున్నట్టే.

లెక్కలు మామయ్యకి చెప్పి లాభం లేదు కాబట్టి గోడ చూపించాను. మీరూ ఇది చేయండి, టేపూ సుద్దముక్కా తప్ప ఖర్చు లేదు. సమతలంగా ఉన్న చోట బండిని గోడకి ఎదురుగా, లైటు నుంచి గోడకి 7.6 మీటర్లు ఉండేలా నిలపండి. టైర్లలో గాలి సరిగా ఉండాలి. లైటు మధ్యభాగం నేలకి ఎంత ఎత్తులో ఉందో కొలిచి గోడ మీద అదే ఎత్తున ఒక అడ్డగీత, దానికి 10 సెంటీమీటర్ల కింద ఇంకో గీత గీయండి. మంచి ఫాగ్ లైటు పై అంచు కింది గీత మీద కూర్చోవాలి. అమెరికా ఆటోమొబైల్ ఇంజినీర్ల సంఘం చెప్పే 25 అడుగులకి 4 అంగుళాలు అన్న పద్ధతి ఇదే, వాలు నూటికి 1.3. మేము మా వీధి చివర బడి ప్రహరీ వాడుకున్నాం. హాలోజన్ వేస్తే, పసుపుపచ్చగా, మసగ్గా అయినా సరే, పై అంచు గీత గీసినట్టు కనపడింది. ఒక పక్క అది తీసి ఎల్‌ఈడీ బల్బు పెట్టాం. గోడంతా తెల్లగా వెలిగింది. మామయ్య ముఖం కూడా వెలిగింది. అంచు ఎక్కడుందో చూపించమన్నాను. అంచు లేదు. ప్రహరీ పైన ఉన్న వేపచెట్టు కొమ్మలు కూడా వెలుగుతున్నాయి. "మామా, మంచులో నువ్వు వేపకొమ్మలు చూస్తా పోవాల్నా?" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, బైకు మీద వచ్చేవాడిలా గోడ దగ్గర తనే వంగి నిలబడి లైటు వైపు చూశాడు. "తీసీరా" అన్నాడు.

తీసేశాం. బల్బులు షాపువాడు వెనక్కి తీసుకోలేదు.

ఎల్‌ఈడీ పనికిరాదని కాదు. హాలోజన్ తీగ గతుకుల రోడ్లలో తెగుతుంది. కాగిపోయిన అద్దం మీద గుంటలో చల్లనీళ్లు పడితే చిట్లుతుంది. ఎల్‌ఈడీకి ఈ రెండు బాధలూ తక్కువ, కరెంటు కూడా తక్కువే తాగుతుంది. కావలసింది బల్బు కాదు, మొత్తం దీపం: ఎల్‌ఈడీ కోసమే గీసిన సొంత లెన్సు, వెనక ఫ్యాను లేకుండా అల్యూమినియం రెక్కలు, నీళ్లు దూరని మూత. అద్దం మీద వలయంలో ఇంగ్లీషు ఇ అక్షరం, పక్కన దేశం అంకె ఉంటే అది ఐక్యరాజ్యసమితి నిబంధనల ప్రకారం పరీక్ష అయిందని. దానితోపాటు బి అనో ఎఫ్3 అనో ఉంటే అది ముందు ఫాగ్ లైటుగా పాసయిందని. ఆ గుర్తు లేని దాన్ని షాపువాడు ఎంత పొగిడినా నేను కొనను. జర్మనీలో హాలోజన్ హెడ్‌లైటులో దూర్చే ఎల్‌ఈడీ బల్బుకి మొదటిసారి అనుమతి ఇచ్చింది 2020లో. అదీ ఓస్రామ్ కంపెనీ బల్బుకి, ఫలానా కారు ఫలానా హెడ్‌లైటు అని ఒక్కో మోడల్ పరీక్షించి పట్టిక వేశాకే. బల్బూ రిఫ్లెక్టరూ మొగుడూ పెళ్లాం లాంటివి, విడివిడిగా ఎంత మంచివైనా కలిపి చూస్తే గానీ తెలియదు.

రంగు గురించి రెండు ముక్కలు. పసుపు కాంతి మంచుని చీల్చుకుపోతుందని మన ఊళ్లలో గట్టి నమ్మకం. ఫ్రాన్స్‌లో అయితే 1930ల చివరి నుంచి 1993 దాకా హెడ్‌లైట్లు కూడా పసుపే ఉండాలని చట్టం. కానీ ఆకాశం నీలంగా ఎందుకుందో చెప్పే రేలీ సూత్రం ఇక్కడ వర్తించదు. అది కాంతి తరంగం కన్నా చాలా చిన్న కణాలకి. మంచు బిందువు 10 మైక్రాన్ల చుట్టుపక్కల ఉంటుంది, కాంతి తరంగం అర మైక్రాను. ఇరవై రెట్లు పెద్దది. అంత పెద్ద బిందువు నీలాన్నీ పసుపునీ దాదాపు ఒకేలా చెదరగొడుతుంది, 1908లో గుస్తావ్ మీ వేసిన లెక్క అది చెబుతుంది. చీల్చడం ఏమీ లేదు. అయినా నేను పసుపే ఎంచుకున్నాను. తెల్ల ఎల్‌ఈడీ అంటే నిజానికి నీలం ఎల్‌ఈడీ మీద పసుపు ఫాస్ఫర్ పూత. ఆ నీలం కనిపెట్టినందుకే 2014లో అకసాకి, అమానో, నకమురాలకి ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. 6,500 కెల్విన్ లైటులో ఆ నీలం బాగా మిగిలి ఉంటుంది, దాని వెలుగు కంటికి గుచ్చుకున్నట్టు ఉంటుంది. 3,000 కెల్విన్‌లో ఆ బాధ తక్కువ. లాభం మంచులో కాదు, కంటిలో. నిబంధనలు కూడా తెలుపుకీ పసుపుకీ రెంటికీ ఒప్పుకుంటాయి. నీలం, ఊదా, రంగులు మారే లైట్లు చట్టానికి విరుద్ధం, చూడ్డానికీ అసహ్యం.

చట్టం అన్నాను కాబట్టి అదీ చెప్పేస్తాను. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండి మౌలిక స్వరూపం మార్చొద్దంటుంది. ఫాగ్ లైటు మార్చడం దాని కిందికి వస్తుందా రాదా అని వాదించుకోవచ్చు. కానీ 2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్, నిబంధనలు ఒప్పుకోని విధంగా విడిభాగాలు బిగించినా సరే, ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ ఆరు నెలల దాకా జైలు గానీ రెండూ గానీ అంటుంది. ఇక 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 106వది తిన్నగా మన గోడ పరీక్షే: లైటుకి 8 మీటర్ల దూరంలో, నేలకి మీటరున్నర ఎత్తులో ఉన్న కన్ను బైర్లు కమ్మకూడదు. మామయ్య గోడ దగ్గర వంగి చూసింది దాదాపు ఇదే రూలు, ఆయనకి ఆ నంబరు తెలియదంతే. షాపులో "పోలీసోళ్లేం అనర్లే అన్నా" అంటారు. అనకపోవచ్చు. ప్రమాదం జరిగాక ఇన్సూరెన్స్ సర్వేయరు మాత్రం బండి ముందుభాగం ఫొటోలు తీసుకుంటాడు.

బిగించడం పెద్ద విషయం కాదు, త్వరగా చెప్పేస్తాను. జత మొత్తం 3.5 ఆంపియర్ల లోపే లాగే దీపాలైతే కంపెనీ వైరు, కంపెనీ స్విచ్చు, ఉన్న ఫ్యూజు సరిపోతాయి. సరిపోయే కనెక్టర్ ముక్క అడిగి తీసుకోండి, వైరు కొయ్యనివ్వకండి. ఎల్‌ఈడీకి ప్లస్ మైనస్ ఉంటుంది, వెలగకపోతే ముందు కనెక్టర్ తిప్పి చూడండి. కొత్త కార్లలో కంప్యూటరు, కరెంటు తక్కువ పోతోందని బల్బు పోయిందనుకుని మినుకు మినుకుమనిపిస్తుంది. దానికి రెసిస్టర్ తగిలిస్తారు, అది కాగి కాగి పక్కనున్న ప్లాస్టిక్‌ని కాలుస్తుంది, జాగ్రత్త. అసలు భయపడాల్సింది ఎల్‌ఈడీకి కాదు, అదే హోల్డర్లో 100 వాట్ల హాలోజన్ పెట్టేవాళ్లకి. జతకి 17 ఆంపియర్లు అవుతుంది. 15 ఆంపియర్ల ఫ్యూజు పోతుంటే అక్కడ 30ది పెడతారు, అది దొరక్కపోతే రాగితీగ చుడతారు. ఫ్యూజు పోవడం మానేస్తుంది, వైరు కాలడం మొదలవుతుంది.

మామయ్య బండికి చివరికి గుర్తున్న పసుపు దీపాలు పెట్టాం, గోడ మీద అంచు దిద్దాం. ఇక వేగం లెక్క. 45 సెంటీమీటర్ల ఎత్తు, నూటికి 1.3 వాలు అంటే కటాఫ్ నేలని తాకేది సుమారు 34 మీటర్ల దూరంలో. ఫాగ్ లైటు చూపించే లోకం అంతవరకే. గంటకి 40 కిలోమీటర్ల వేగంలో, తేరుకోవడానికి సెకనున్నర, తడిరోడ్డు ఘర్షణ 0.4 అనుకుంటే, బండి ఆగడానికి 32 మీటర్లు కావాలి. 60లో అయితే 60 మీటర్లు. అంటే 60లో పోయేవాడు తను చూసిన ట్రాక్టరుని తప్పకుండా గుద్దుతాడు, లైటు ఎంత ఖరీదైనదైనా. మంచి ఫాగ్ లైటుతో 40, అది లేకపోతే ఇంకా తక్కువ, ఇదే దాని విలువ. తేటగా ఉన్న రాత్రి దాన్ని ఆర్పేయాలి. దగ్గర రోడ్డు మరీ వెలిగితే కన్ను దూరం చీకటిని చూడటం మానేస్తుంది.

ఇంకొక్క సంగతి, షాపులో ఎవరూ చెప్పరు. ఖాళీ బండిలో అంచు దిద్దితే నిండు బండికి అది తప్పు. వెనక ముగ్గురు కూర్చుని డిక్కీలో సంచులు పడేస్తే వెనకభాగం 3 సెంటీమీటర్లు కుంగిందనుకుందాం, చక్రాల మధ్య దూరం 2.4 మీటర్లు. ముక్కు లేచిన వాలు నూటికి 1.25. మనం కష్టపడి దించిన 1.3 మొత్తం అక్కడే పోయింది, కటాఫ్ తిన్నగా దిగంతం వైపు చూస్తుంది. మామయ్య బండి ఏనాడూ ఖాళీగా పోదు. అందుకని గోడ ముందు నిలిపినప్పుడు అత్త, నేను, పక్కింటి పెద్దాయన వెనక సీట్లో కూర్చున్నాం, డిక్కీలో రెండు బియ్యం మూటలు పడేశాం. మామయ్య స్క్రూ డ్రైవరుతో కింద కూర్చుని అంచు గీత మీదికి వచ్చేదాకా తిప్పాడు. పెద్దాయన మాత్రం, లైట్లు బిగించేదానికి నన్నెందుకు కూర్చోబెట్టార్రా అని దిగేదాకా అడుగుతూనే ఉన్నాడు.